కమోడు తిప్పిన రోజు

సౌదీలోనే ఖఫ్జీకి కాపురం మార్చిన కొత్తల్లో నాకు దేనికి భయం లేదో చెప్పడం తేలిక. దేనికి భయమో చెప్పమంటే ఈ కాగితాలు చాలవు. తలుపు గంట మోగితే భయం, మోగకుండా ఎవరైనా తట్టితే ఇంకా భయం. ఫోనులో అరబ్బీలో సందేశం వస్తే, అది బియ్యం మీద తగ్గింపు ప్రకటనే అయినా సరే, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చదివి అర్థం చెప్పేదాకా అన్నం దిగేది కాదు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు పర్సులో ఉందో లేదో గడియకోసారి చూసుకుని, చూసుకునే తొందరలో ఎక్కడో పడేశానేమోనని మళ్ళీ చూసుకునేదాన్ని. ఇవాళ నేను నెత్తిన హెల్మెట్ పెట్టుకుని నలుగురు మగవాళ్ళ చేత ఒక వంటగదిని పగలగొట్టిస్తూ నిలబడితే, ఆ రోజుల్లో నన్ను ఎరిగినవాళ్ళు ఎవరూ నమ్మరు. నాకే ఒక్కోసారి నమ్మకం కుదరదు. అంతా ఆ పైవాడి దయ. ఆ దయ నా మీదికి ఏ దారిన వచ్చిందో చెప్పాలంటే మాత్రం ఒక మరుగుదొడ్డి గురించి చెప్పక తప్పదు, పాఠకులు మన్నించాలి.

మాది కడప పక్కన ఒక పల్లె, దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట తెలుగు, ప్రార్థన అరబ్బీ. నాయన తాపీ మేస్త్రి. పని ఎక్కడుంటే అక్కడికి సంసారాన్ని వెంటేసుకుని పోయేవాడు కనుక, ఏ బడిలోనూ నా పేరు నిలవలేదు. జేజి, అంటే నాయనమ్మ దగ్గర ఖురాను నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు మాత్రం నాయన నేర్పాడు. మధ్యాహ్నం అన్నాల వేళ తడి సిమెంటు మీద తాపీ మొనతో రాసి, నేను దిద్దాక చదును చేసేసేవాడు. (కడప చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళ గచ్చు కింద నా గుణింతాలు ఉన్నాయో ఆ ఇళ్ళవాళ్ళకు తెలియదు.) లెక్కలన్నీ టైల్సుతోనే. నేలకు వాలు ఎంత పెడితే నీళ్ళు బయటికి పోయే జాలీ దాకా నడుస్తాయో, టైలు మీద వేలితో కొడితే ఏ శబ్దానికి కింద డొల్లగా ఉన్నట్టో, నాకు వంట కన్నా ముందు తెలుసు. మరుగుదొడ్డి కట్టేటప్పుడు నాయన ఒకటే చెప్పేవాడు: "మొగం గానీ వీపు గానీ పడమరకు వస్తే ఒప్పుకోవద్దు మా. అది కిబ్లా. మిగతా యాడన్నా పెట్టుకో." నమాజుకు తిరిగే దిక్కుకు మర్యాద ఇవ్వాలని ఆయన నియమం. మా ఇంట్లో పడమర అన్నా కిబ్లా అన్నా ఒకటే మాట. పొద్దు కుంకే వైపు.

మా ఆయన ఏసీ మెకానిక్కు. కంపెనీ ఆయన్ని హుఫూఫ్ నుంచి ఖఫ్జీకి బదిలీ చేసింది. వచ్చిన కొద్దిరోజులకే ఒక సాయంత్రం, అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పాడు. "మే, కంపెనీవాళ్ళు ఫ్యామిలీ పర్మిట్ ఇంక ఇచ్చేది లేదంటాండారు. నీకు ఈడ పని దొరికితే సరి. లేకుంటే ఎగ్జిట్టే." ఎగ్జిట్ అంటే నేను కడపలో, ఆయన ఇక్కడ, మధ్యలో ఫోను. ఆ రాత్రి నేను దువా చేసుకున్నాను. ఏం అడగాలో తెలియక, నీకు తెలుసు కదా అని ఊరుకున్నాను.

పైవాడికి తెలిసే ఉంటుంది. ఆ వారంలోనే మా ఆయన ఏసీ బాగుచేయడానికి పోయిన ఇంట్లో ఒక సౌదీ ఆవిడ కనిపించింది. ఇళ్ళలో మార్పులూ మరమ్మతులూ చేయించే చిన్న సంస్థ పెడుతోంది. పనివాళ్ళు మగవాళ్ళు కావడంతో, వాళ్ళు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళు ఒక గదిలో తలుపులు వేసుకుని కూర్చోవాల్సి వస్తుందట. దగ్గరుండి పని చేయించే ఆడమనిషి ఉంటే బాగుండును, కానీ ఎక్కడ దొరుకుతుంది అని ఆమె బాధ. మా ఆయన పానా కింద పెట్టి, "మా ఇంట్లో ఒకామె ఉందండీ" అన్నాడట. సంస్థ ఆ సౌదీ మేడమ్‌ది, పని తెలిసిన బాధ్యురాలిగా లైసెన్సులో పేరు నాది. అలా కుదిరింది. అయితే లైసెన్సు ఊరికే రాదు. ముందు కంప్యూటర్ మీద పరీక్ష. తర్వాత ఒక నమూనా పని చేసి చూపిస్తే ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు, ఆయన సరే అంటేనే. మొదటిది, మా ఆయన కూర్చోబెట్టి నేర్పిన హిందీలో రాసి గట్టెక్కాను. (కంగారులో ఒక జవాబు బదులు ఇంకొకటి నొక్కాను, అదే సరైనదని తర్వాత తెలిసింది. ఇలాంటి వాటికి కూడా షుక్ర్ చెప్పుకోవాలి.)

నమూనా పనికి మేడమ్ తన పినతల్లి ఇల్లు ఇచ్చింది. ఆవిడ మోకాళ్ళు పట్టేసిన పెద్దావిడ. పడకగదికి ఆనుకుని చిన్న స్నానాలగది కావాలి. ఆవిడను అందరూ ఖాలా, అంటే పిన్ని, అంటారు, నేనూ ఖాలా అనే పిలిచేదాన్ని. పైపుల పనికి మేడమ్ ఒక జగిత్యాల అన్నను పెట్టింది. మెడలో నల్లతాడుకు హనుమంతుడి బిళ్ళ, చొక్కా లోపలికి దాచుకునేవాడు. గల్ఫులో తల నెరిసిన మనిషి, కానీ మాట ఇంకా జగిత్యాల బస్టాండులోనే ఉంది. మొదటి రోజే "అక్కా, మీరు జెప్పుండ్రి, నేను జేస్త. లైసెన్సు మీది, పాన మాత్రం నాది" అన్నాడు. ఉదయం పోయి, మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళకు మా గదికి తిరిగి వచ్చేసేదాన్ని. ఎండ అలాంటిది.

మా గది గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎండ రాకుండా కిటికీకి లోపలివైపు వెండికాగితం అంటించి, దాని మీద పరదా వేసి ఉండేది. పొద్దు ఎటు పొడుస్తుందో ఎటు కుంకుతుందో గదిలో ఉన్నవాళ్ళకు తెలిసే వీలు లేదు. నమాజు చదివే జానమాజ్ చాప మా ఆయన ఎలా పరిచిపెట్టాడో అలాగే ఉండేది, నేను దాని మీద నిలబడేదాన్ని, ఎదురుగా ఫ్రిజ్. ఆ గదిలో నాకు కిబ్లా అంటే ఫ్రిజ్ వైపు, అంతే. అది ఏ దిక్కని ఒక్కసారైనా అడగాలని తోచలేదు. అడగడమెందుకు, పడమర కాకపోతే ఏముంటుంది?

పని బాగా సాగింది. వాలు సరిగ్గా కుదిరింది. టైల్సు ఒక్కటి కూడా డొల్ల పలకలేదు. కమోడు బిగించే రోజు ఆలస్యమై, మొదటిసారి సాయంత్రం దాకా ఉండిపోయాను. కిటికీ చట్రం ఇంకా పెట్టలేదు. ఆ ఖాళీలోంచి ఒక్కసారిగా ఎర్రని వెలుగు లోపలికొచ్చి, కొత్త టైల్సు మీద పడింది. ఎన్నాళ్ళయిందో పొద్దు కుంకడం చూసి. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. మరుక్షణం ఆ నీళ్ళు అక్కడే ఆరిపోయాయి, ఎందుకంటే మేడమ్ గీయించిన నక్షా ప్రకారం కమోడు ముఖం సరిగ్గా ఆ పొద్దు వైపే ఉంది. జగిత్యాల అన్న బోల్టులు చేతిలో పట్టుకుని నా మాట కోసం చూస్తున్నాడు.

"అన్నా, ఆగు. అట్ల పెట్టొద్దు."

"నక్షాల గట్లనే ఉన్నదక్కా."

"ఉండనీ. అటు కిబ్లా ఉంది. ఈ పక్క గోడకు ఆనించి, మొగం ఇటు తిప్పు."

కింది గొట్టం మూలలో రెండు గోడలకూ సమానదూరంలో ఉంది. అటు పెట్టినా కూర్చుంటుంది, ఇటు తిప్పినా కూర్చుంటుంది. జగిత్యాల అన్న కిటికీ వైపు చూశాడు. నన్ను చూశాడు. కమోడును చూశాడు. ఏదో అనబోయి, మింగి, "మంచిదక్కా" అన్నాడు. తిప్పేసి బిగించాడు. ఎంత పెద్ద పాపం నుంచి తప్పించావు దేవుడా అని దారిపొడుగునా కృతజ్ఞతలు చెప్పుకుంటూ గదికొచ్చాను. ఫ్రిజ్ వైపు తిరిగి ఆ సంగతే మళ్ళీ ఇంకోసారి చెప్పుకున్నాను. సౌదీలో పుట్టి పెరిగినవాళ్ళకే లేని జాగ్రత్త నాకు ఉన్నందుకు కొంచెం గర్వపడ్డాను కూడా. కొంచెమే.

మర్నాడు ఎండ వాలాక, అసర్ నమాజు తర్వాత ఇన్‌స్పెక్టరు వస్తానన్నాడు. చట్రం పెట్టించి, తుడిపించి, అంతా సిద్ధం చేసేసరికి మసీదు నుంచి బాంగు వినిపించింది. ఖాలా కబురు పంపింది, తనతో పాటు నమాజు చదువుకోమని. కాళ్ళూ చేతులూ కడిగి వుజూ చేసుకుని ఆవిడ పడకగదిలోకి పోయాను. అక్కడ రెండు జానమాజులు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. ఖాలా కుర్చీలో కూర్చుని ఎదుటి గోడకు ముఖం పెట్టింది. నేను పక్కన నిలబడి అల్లాహు అక్బర్ అని చేతులు కట్టుకున్నాక, అప్పుడు తట్టింది. ఎదుటి గోడ అవతలిది నా స్నానాలగది. ఆ గోడ అవతల, మేము ఎటు తిరిగి ఉన్నామో సరిగ్గా అటే తిరిగి, నా కమోడు కూర్చుని ఉంది.

ఖాలా ముసలిదై దిక్కు మరిచిందేమో అనుకున్నాను ముందు. (ఆవిడ పుట్టింది ఈ ఊళ్ళో, నేను ఈ ఊరికి మొన్న వచ్చాను. అయినా ఆ నిమిషంలో నాకు తోచింది అదే.) తర్వాత లెక్క తేలింది. మక్కా మా కడపకే పడమర. ఖఫ్జీ మక్కాకు పైన, ఒక మూలన ఉంది. ఇక్కడి నుంచి అది నైరుతి. ఎండాకాలపు పొద్దేమో వాయవ్యం దాకా జరిగి కుంకుతుంది. నక్షా గీసినవాళ్ళు అన్నీ చూసుకునే గీశారు. దాన్ని చెడగొట్టింది నా భక్తి. సజ్దాలో నేలకు నుదురు ఆనించి ఏం చదివానో, ఎన్ని రకాతులు అయ్యాయో పైవాడికే తెలుసు. నమాజు ముగిస్తూ సలాం తిప్పేసరికి నా ముఖం చూసి ఖాలా "యా బింతీ, ఏమైంది తల్లీ?" అని అరబ్బీలో అడిగింది. నాకు తెలిసిన అరబ్బీ అంతా ఆ క్షణంలో నన్ను వదిలిపెట్టి పోయింది. గోడ వైపు చూపించి, "హమ్మామ్... కిబ్లా..." అన్నాను. తర్వాత చేతులతో కమోడు ఆకారం గీసి, దాన్ని అరచేతుల్లోనే తిప్పి చూపించాను. ఖాలా గోడను చూసింది, నా చేతులను చూసింది. అర్థమైంది. నోటికి ముసుగు చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో కోపమో అప్పుడు తెలియలేదు.

స్నానాలగదికి పరిగెత్తాను. జగిత్యాల అన్న పాత గుడ్డతో నల్లాలకు మెరుగు పెడుతున్నాడు.

"అన్నా, కిబ్లా ఎటో నీకు తెల్సా?"

"గిటేగదక్కా. ఇప్పుడు గీ కమోడు మొకం ఉన్న దిక్కే."

"నిన్న ఎందుకు చెప్పల్యా మరి?"

"నాకేం ఎరుకక్కా" అన్నాడు నొచ్చుకుని. "నేను హన్మండ్ల మాల ఏసుకునేటోన్ని. దినాం అయిదుసార్లు నమాజు చదివెటామె కిబ్లా అటున్నదంటే, నేను గాదు ఇటున్నదంటే మంచిగుంటదా? మీ కడపోళ్ళకు వేరే ఉంటదేమో అనుకున్న."

దానికి నాకు ఏడుపు రాబోయింది. అది వచ్చేలోపు బయట తలుపు గంట మోగింది.

ఇన్‌స్పెక్టరే. ఇంకేముంది, ఎగ్జిట్. కడప స్టేషనులో సూటుకేసుతో దిగుతున్న నేను, పక్కన ఎవరూ లేరు. అక్కడ మా గదిలో మా ఆయన ఒక్కడే, కిటికీకి వెండికాగితం, ఎదురుగా ఫ్రిజ్. ఇంత స్పష్టంగా నేను జీవితంలో ఏ నక్షానూ చూడలేదు. జగిత్యాల అన్న మాత్రం అప్పటికే కింద కూర్చుని బోల్టులు విప్పుతున్నాడు. "ఏడ్సుడు తర్వాత జేద్దురక్కా. డ్రిల్లు ఇటియ్యుండ్రి. సిలికాన్ ఇంకా పచ్చిగనే ఉన్నది, వస్తది."

ఇన్‌స్పెక్టరు మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే గదిలో, ఖాలా కొడుకుతో కూర్చున్నాడు. ఖాలా చేతికర్ర పట్టుకుని వంటగదిలోకి పోయి కాఫీ పంపించడం మొదలుపెట్టింది. ఇక్కడి పద్ధతిలో ఆ కాఫీని, గహ్వాను, చిన్న కప్పుల్లో పోస్తారు. అతిథి చాలనుకుంటే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి చూపించాలి, అప్పటిదాకా పోస్తూనే ఉండాలి. ఆయన ఊపాడట. ఖాలా ఖర్జూరాలు పంపింది. ఖర్జూరం తిన్నాక గహ్వా వద్దనలేడు కదా. మళ్ళీ ఊపాడట. ఈసారి ఇంట్లో చేసిన తీపి పంపింది. మధ్యలో డ్రిల్లు గోడలు అదిరేలా గుర్రుమంటే, ఆయన "అదేంటి?" అని అడిగాడనీ, కొడుకు నిజంగానే ఏమీ తెలియక "పని" అన్నాడనీ తర్వాత విన్నాను. ఖాలా అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. మర్యాద చేసింది, అంతే. ఆ మర్యాదకు ఇప్పటికీ రోజూ నమాజులో ఆవిడ పేరు చెప్పుకుంటాను.

కమోడు మళ్ళీ నక్షా చెప్పిన వైపు తిరిగింది. కానీ టైలులో నిన్నటి బోల్టులవి రెండు రంధ్రాలు మిగిలిపోయాయి, పాము కాటులా పక్కపక్కనే. వాటిలో తెల్ల సిమెంటు కూరి వేలితో అదుముతుండగా ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి వచ్చాడు. ఈజిప్టు పెద్దాయన, గుబురు కనుబొమలు, కడుపు నిండా గహ్వా. నన్ను పలకరించకుండానే బకెట్టుతో నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళు ఒక్కసారి ఆలోచించుకుని, వాలు పట్టుకుని, బుద్ధిగా జాలీలోకి పోయాయి. వేలి ఉంగరంతో టైల్సు తట్టాడు. ఒక్కటీ డొల్ల పలకలేదు. నల్లాలు తిప్పాడు. వంగి, ఆ రెండు తెల్ల చుక్కల దగ్గర ఆగిపోయాడు.

"ఇవేమిటి?"

కప్పిపుచ్చే మాట ఒకటి దొరికి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. దొరకలేదు. అరబ్బీ, హిందీ, చేతులు, మూడింటినీ కలిపి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిన్నటి పొద్దు గురించి, నా పడమర గురించి, ఈ రోజు అసర్ నమాజు గురించి. నా వెనక జగిత్యాల అన్న డ్రిల్లును పాత గుడ్డ కింద దాచాడు. ఇన్‌స్పెక్టరు ఆ చుక్కల్లో ఒకదాన్ని గోటితో గీకి చూశాడు.

"మీ దేశంలో కిబ్లా ఎటు?" అని అడిగాడు.

"పొద్దు కుంకే వైపు."

"మా ఊళ్ళో పొద్దు పొడిచే వైపు" అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "ఈ దేశంలో దిగిన మొదటిరోజు రియాద్ హోటల్ గదిలో పొద్దు పొడిచే వైపే తిరిగి చదివాను. అన్ని పూటలూ. పడుకున్నాక చూశాను, పైకప్పు మీద బాణం గుర్తు, నా కాళ్ళ వైపు." చేతిలోని ట్యాబ్ మీద ఏదో నొక్కాడు. గుమ్మం దాటుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు, "నేను నా తప్పును బోల్టులు వేసి బిగించలేదు. అదొక్కటే తేడా" అని వెళ్ళిపోయాడు.

పాస్ చేశాడో లేదో మాత్రం చెప్పలేదు. ఫలితం ఫోనుకు వస్తుందట. మా గదిలో ఫ్రిజ్ అసలు ఏ దిక్కో నాకు అప్పటికి తెలియదు కనుక ఖాలాను ఒక్కటే అడిగాను, మా ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇలా తెలియక వేరే దిక్కు చదివేస్తే ఆ నమాజు ఏమవుతుందని. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "తెలిసినంతలో తిరిగావు. తెలియగానే మళ్ళావు. ఆయన నీ పాదాలను కాదు, నిన్ను చూస్తాడు" అంది. తర్వాత ఆపుకోలేక, చేతికర్ర పక్కన పెట్టి మరీ నవ్వింది. అప్పుడు తెలిసింది, ఇందాక చెంగు వెనక ఉన్నదీ నవ్వేనని.

ఆ సాయంత్రం ఫోనులో అరబ్బీ సందేశం వచ్చింది. దాన్ని ముట్టుకోకుండా బల్ల మీద పెట్టి, మా ఆయన వచ్చేదాకా దూరంగా కూర్చుని చూశాను. ఆయన చదివి, "పాసైనావు మే" అని ఫోను నా చేతిలో పెట్టి, ముఖం కడుక్కోవడానికి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు. నేను ఫ్రిజ్ వైపు తిరిగి సజ్దాలో పడిపోయాను. వచ్చేటప్పుడు బయట పొద్దు చూసుకున్నాను కనుక, ఈసారి ఆ వైపు నైరుతేనని తెలిసి పడ్డాను.

నాయనకు ఫోను చేసి చెప్పాను. అంతా విని, లైసెన్సు సంగతి వదిలేసి, "అయితే ఆడ పడమర కాదా?" అన్నాడు. కాదు నాయనా, మూలగా ఉంది అన్నాను. "మక్కా యాడున్నా పడమరే అనుకుంటి గదమ్మా ఇన్నేండ్లూ" అన్నాడు, అది మక్కా తప్పే అయినట్టు.

ఇప్పుడు ఏ ఇంటి పని ఒప్పుకున్నా, టేపు తీయకముందే ఆ ఇంట్లో అందరికన్నా పెద్దావిడను వెతికి, మీరు ఎటు తిరిగి చదువుతారమ్మా అని అడుగుతాను. చూపించాక అక్కడే జానమాజ్ పరిచి రెండు రకాతులు చదివి, నేల మీద సుద్దతో బాణం గీస్తాను. ఆ తర్వాతే పైపుల మాట. కొత్తగా చేరిన పనివాళ్ళు చెప్పులు విప్పి, పనిముట్లు కింద పెట్టి, నిశ్శబ్దంగా నిలబడతారు. మొన్న రియాద్ నుంచి వచ్చిన ఒక టైల్సాయన, "ఈ అక్కది ఎంత భక్తండీ, ఇట్లాంటి మనిషిని నేను చూడలేదు" అన్నాడు. జగిత్యాల అన్న గోడ వైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గు ఆగేదాకా నేను కూడా జానమాజ్ మడవలేకపోయాను. ఎర్రని వెలుతురులో కమోడు పక్కన నిలబడి, ప్రపంచంలో కిబ్లా తనకొక్కతికే తెలుసన్నంత ధీమాగా చెయ్యి చాచి దిక్కు చూపించిన ఆ పిల్ల గుర్తొచ్చింది. పాపం, అన్నిటికీ భయపడే మనిషి భయపడకుండా చెప్పిన మాట ఆ ఒక్కటే.